పాత కార్బురేటర్ కారుకు రిమోట్ స్టార్టర్: తాళంచెవి పని ఎంత, డ్రైవరు పని ఎంత?

సంక్షిప్తంగా

కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు అందించే భాగం) ఉన్న కారును స్టార్ట్ చేయడమంటే తాళం తిప్పడం ఒక్కటే కాదు. చోక్ ఎంత లాగాలి, యాక్సిలేటర్ ఎన్నిసార్లు తొక్కాలి, గేరు న్యూట్రల్‌లో ఉందా, ఇంజిను నిజంగా అందుకుందా అన్న నాలుగు నిర్ణయాలు అందులో ఉంటాయి. దూరం నుంచి మీట నొక్కి ఇంజినును స్టార్ట్ చేయడానికి బజారులో దొరికే రిమోట్ స్టార్టర్ పెట్టె తాళం పనిని మాత్రమే చేస్తుంది, మిగిలినవి కారులోనే ఏర్పాటై ఉన్నాయని అనుకుంటుంది. పాత కార్లలో ఆ ఏర్పాట్లు లేవు. గోదావరి డెల్టా వాతావరణంలో ఈ పరికరం వల్ల ఒనగూడే లాభం కూడా స్వల్పమే. అమర్చడం అసాధ్యమేమీ కాదు గాని, అసలు ఖర్చు పెట్టెకు కాదు, దాని చుట్టూ కట్టవలసిన రక్షణలకు.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వస్తోంది

అమలాపురం, పాలకొల్లు, భీమవరం, మండపేట చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి పక్క రేకుల షెడ్డులో ఇప్పటికీ ఒక ప్రీమియర్ పద్మినియో, పెట్రోలు అంబాసిడరో, చోక్ మీట ఉన్న మారుతీ 800 కారో కనిపిస్తుంది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800, 2000 సంవత్సరం ప్రాంతంలో పొగ నియంత్రణ ప్రమాణాలు బిగుసుకునే వరకు ప్రధానంగా కార్బురేటర్‌తోనే నడిచింది. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఈ కార్లను అమ్ముకోవడానికి మనసొప్పని కుటుంబాలు ఉన్నాయి, ఏడాదిలో ఎక్కువ రోజులు వాటిని కదిపే మనిషి మాత్రం ఇంట్లో ఉండడు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు సంక్రాంతికి వచ్చినప్పుడు తమ కొత్త కారులో ఉన్న సౌకర్యం నాన్నగారి కారులో కూడా ఉంటే బాగుంటుందనుకోవడం సహజం. ఇంటర్నెట్‌లో అమ్మే కిట్ల మీద ‘12 వోల్టుల కార్లన్నింటికీ సరిపోతుంది’ అని రాసి ఉంటుంది. కరెంటు లెక్కన అది అబద్ధం కాదు, ఇంజిను లెక్కన మాత్రం సగమే నిజం.

రిమోట్ స్టార్టర్‌కు ఆదరణ కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోను పెరిగింది. సున్నా కంటే ఇరవై డిగ్రీలు కిందికి పోయే ఉదయాల్లో ఇంట్లోంచే ఇంజినును వేడెక్కించుకోవడం అక్కడ అవసరం. అక్కడి కార్బురేటర్ కార్లలో కూడా చాలావాటికి ఆటోమేటిక్ గేరుబాక్సు, దానంతటదే పనిచేసే చోక్ ఉండేవి. ఆటోమేటిక్ గేరుబాక్సులో మీట పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప సెల్ఫ్ మోటారుకు కరెంటు వెళ్లదు. అందువల్ల రిమోట్ పెట్టె తయారుచేసినవారు గేరు గురించి, చోక్ గురించి పెద్దగా ఆలోచించవలసిన పని పడలేదు. మన పాత కార్లు దాదాపు అన్నీ చేతి గేరు, చేతి చోక్. డెల్టాలో జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల పైనే ఉంటుంది. అక్కడి అవసరం ఇక్కడ లేదు, అక్కడి కార్లలోని ఏర్పాటు ఇక్కడి కార్లలో లేదు.

తాళం తిప్పే ముందు జరిగేది

పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్ వదిలిన పెట్రోలంతా ఆవిరి కాదు, కొంత మానిఫోల్డు (మిశ్రమం సిలిండర్లకు వెళ్లే గొట్టం) గోడలకు తడిలా అంటుకుని ఉండిపోతుంది. సిలిండర్లోకి చేరే మిశ్రమం పలచబడి ప్లగ్గు నిప్పుకు అంటుకోదు. ఆ లోటు పూడ్చడానికే చోక్. గాలి దారిని మూసి, పెట్రోలు పాలును బాగా పెంచుతుంది. ఇంజిను అందుకున్న తరువాత ఒకటి రెండు నిమిషాల్లో, వేడెక్కిన కొద్దీ, చోక్‌ను మెల్లగా లోపలికి తోసెయ్యాలి.

అలవాటైన డ్రైవరు ఈ పని చేస్తుంటే చూస్తే ఎన్ని నిర్ణయాలున్నాయో తెలుస్తుంది. సీట్లో కూర్చోగానే గేరు మీటను అటూ ఇటూ ఊపి చూస్తాడు. చోక్ పూర్తిగా లాగి, యాక్సిలేటర్ ఒకసారి అదిమి వదిలి, సెల్ఫ్ కొడతాడు. ఇంజిను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోతే చోక్ సగానికి తోసి మళ్లీ కొడతాడు. పెట్రోలు వాసన ఘాటుగా తగిలితే చోక్ మొత్తం లోపలికి పెట్టి, యాక్సిలేటర్ చివరిదాకా తొక్కి పట్టుకుని, ఎక్కువైన పెట్రోలును గాలితో ఊదేయిస్తాడు. చెవి, ముక్కు, పాదం కలిసి చేసే ఈ పనిని పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్ఐ (ఇంజెక్షన్) కార్లలో ఉష్ణోగ్రత సెన్సారు, కంప్యూటరు చేస్తాయి. కార్బురేటర్ కారుకు తగిలించిన రిమోట్ పెట్టెకు ఈ సమాచారంలో ఒక్క ముక్క కూడా అందదు.

రాత్రి కారు దిగేటప్పుడే చోక్ లాగి ఉంచితే చాలదా అని కొందరు అడుగుతారు. ఉదయం రిమోట్ నొక్కితే ఇంజిను అందుకోవచ్చు, కాని చోక్‌ను వెనక్కి తోసే చేయి లేదు. పది నిమిషాలు అలా చిక్కటి మిశ్రమంతో నడిస్తే ప్లగ్గులు నల్లగా మసిబారతాయి, మండని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగేస్తూ అడుగునున్న ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. పలచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. రోజూ ఇదే జరిగితే ఇంజిను అరుగుదల కంటికి కనిపించకుండా పెరుగుతుంది.

మన ఎండలకు చోక్ అసలు అక్కర్లేదన్నది ఇంకొక వాదన. రోజూ తిరిగే కారుకు, వేసవిలో, ఇది చాలావరకు నిజం. ఎక్కువ రోజులు నిలిచిన కారుకు మాత్రం వర్తించదు. కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు వారాల తరబడి ఆవిరవుతూ ఎండిపోతుంది. ఈ కార్లలో చాలావాటికి పెట్రోలు పంపు క్యామ్ షాఫ్టు తోపుతో నడిచే యాంత్రిక పంపు, అంటే ఇంజిను తిరిగితేనే పెట్రోలు వస్తుంది. గిన్నె నిండేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉండాలి. ఇంజెక్షన్ కారు సాధారణంగా సెకనులోనే అందుకుంటుంది. ఆ కాలాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైన పెట్టె కొద్ది సెకన్లు ప్రయత్నించి, ఆగి, మళ్లీ ప్రయత్నించి, చివరికి మానుకుంటుంది. గిన్నె నిండకముందే బ్యాటరీ నీరసిస్తుంది.

దీనికి తోడు ఇంధనం కూడా మారింది. దేశంలో అమ్మే పెట్రోలులో ఇథనాల్ వాటా 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల ఈ మిశ్రమానికి 14.7కు బదులు సుమారు 13.5 పాళ్ల గాలి చాలు. ఇంజెక్షన్ కారు తనంతట తాను సర్దుకుంటుంది, రంధ్రం కొలత మారని జెట్లున్న కార్బురేటర్ సర్దుకోలేదు. మిశ్రమం మునుపటికంటే పలచబడుతుంది, చల్లని ఇంజిను అందుకోవడం మరికాస్త మొండికేస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. డెల్టా గాలిలో తేమకు కొదవ లేదు. నెలల తరబడి నిలిచిన కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున తెల్లటి పొడి కనిపించడం, సన్న జెట్టు పూడుకుపోవడం, పంపులోని పాత రబ్బరు డయాఫ్రం ఉబ్బి పనికిరాకుండా పోవడం ఈ రసాయనం పర్యవసానాలే. అలాంటి కార్బురేటర్‌కు రిమోట్ తగిలించడమంటే జబ్బును అలాగే ఉంచి దూరం నుంచి చూడటమే.

వేడి ఇంజిను సంగతి వేరు. మధ్యాహ్నం ఎండలో ఆగిన కారులో బోనెట్ కింది వేడికి గిన్నెలోని పెట్రోలు మరిగి పొంగి మానిఫోల్డులోకి కారుతుంది, లేదా పంపు గొట్టంలో ఆవిరి బుడగ అడ్డుపడుతుంది. అప్పుడు చోక్ పెడితే అసలు స్టార్ట్ కాదు. చల్లని ఇంజినుకు యాక్సిలేటర్ ఒకసారి తొక్కే ఏర్పాటు చేసి, అదే ఏర్పాటు వేడి ఇంజిను మీద కూడా పనిచేస్తే పెట్రోలు ముంచెత్తుతుంది. కాబట్టి చోక్‌ను లాగే సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే అయస్కాంతం) పెట్టదలచినవారు దానితోపాటు ఇంజిను నీటి వేడిని గమనించే స్విచ్చు కూడా పెట్టాలి. కొన్ని విదేశీ కార్బురేటర్లకు విద్యుత్ చోక్ కిట్లు దొరుకుతాయి. మన పాత కార్ల కార్బురేటర్లకు సాధారణంగా కేబుల్ దగ్గరే చేతిపనిగా ఏదో ఒకటి తయారు చేయించుకోవలసి వస్తుంది. ఆ డబ్బుతో కార్బురేటర్‌ను పూర్తిగా విప్పించి, శుభ్రం చేయించి, ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు, డయాఫ్రం వేయించుకుంటే కారుకు ఎక్కువ మేలు.

ఇంజిను అందుకుందని పెట్టెకు ఎలా తెలుస్తుంది

ఇంజిను అందుకున్న క్షణంలో సెల్ఫ్ ఆపాలి. ఆలస్యమైతే సెల్ఫ్ పళ్లు ఫ్లైవీల్ పళ్లతో ఒరుసుకుంటాయి, తొందరపడితే ఇంజిను ఆగిపోతుంది. డ్రైవరుకు చెవి ఉంది. పెట్టెకు మూడు దారులున్నాయి: నిర్ణీత కాలం పాటు సెల్ఫ్ కొట్టి ఊరుకోవడం, బ్యాటరీ వోల్టేజి పెరగడాన్ని చూడటం, లేదా ప్లగ్గులకు నిప్పు పుట్టించే కాయిల్ నుంచి వచ్చే స్పందనలను లెక్కించడం.

మొదటిది గుడ్డి పద్ధతి, కార్బురేటర్ కారుకు అసలే పనికిరాదు. ఒక రోజు రెండు సెకన్లలో అందుకునే ఇంజిను మరునాడు ఎనిమిది సెకన్లు తీసుకుంటుంది.

రెండో పద్ధతిలో 12.6 వోల్టుల దగ్గరున్న బ్యాటరీ ఆల్టర్నేటర్ పనిచేయగానే 13.5 వోల్టుల పైకి పోవడాన్ని పెట్టె గుర్తు పెట్టుకుంటుంది. ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఇది నడుస్తుంది. ఇంకా పాతకాలపు డైనమో ఉన్న కారులో నడవదు, ఎందుకంటే ఐడ్లింగ్ వేగంలో డైనమో చార్జి చేయదు. అందుకే ఆ కార్లలో ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నంతసేపు డాష్‌బోర్డు మీద ఎర్రదీపం మినుకుమంటూ ఉంటుంది. ఇంజిను శుభ్రంగా నడుస్తున్నా పెట్టె మాత్రం ఆగిపోయిందనుకుని సెల్ఫ్‌ను మళ్లీ తిప్పవచ్చు. ఆ కరకర శబ్దం విన్నవారికి దాని ఖరీదు వేరే చెప్పనక్కర్లేదు.

మూడోది నమ్మదగినది. నాలుగు సిలిండర్ల ఇంజినులో క్రాంకు ఒక చుట్టు తిరిగితే కాయిల్‌లో రెండు స్పందనలు పుడతాయి. సెల్ఫ్ నిమిషానికి 200 చుట్లు తిప్పుతుంటే సెకనుకు ఆరేడు, ఇంజిను 800 చుట్ల ఐడ్లింగ్‌లో ఉంటే సుమారు 27. మారుతీ 800లో మూడే సిలిండర్లు కాబట్టి అదే వేగానికి 20. తేడా స్పష్టంగా ఉంటుంది గనుక పెట్టె పొరబడే అవకాశం తక్కువ, కాకపోతే దానికి ముందుగా ఆ కారు ఐడ్లింగ్‌ను నేర్పించాలి. ఇక్కడ పాత కారులో రెండు చిక్కులున్నాయి. డెల్కోలో (ప్లగ్గులకు నిప్పును పంచే డిస్ట్రిబ్యూటరులో) కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు అరిగి, గుంటలు పడి ఉంటే దొంగ స్పందనలు పుట్టి లెక్క తప్పుతుంది. పాయింట్లు విడిన ప్రతిసారీ కాయిల్ ప్రాథమిక చుట్టలో రెండు మూడు వందల వోల్టుల ఉప్పెన లేస్తుంది. తగిన రెసిస్టరు లేకుండా ఆ తీగను నేరుగా పెట్టెకు కలిపితే పెట్టె కాలిపోతుంది.

పాయింట్ల కార్లకే ప్రత్యేకమైన మరొక ప్రమాదాన్ని అమర్చేవారు తరచు మరిచిపోతారు. ఇంజిను ఆగినప్పుడు పాయింట్లు మూసుకుని ఉన్న స్థితిలో ఇగ్నిషన్ ఆన్‌లో ఉండిపోతే కాయిల్ గుండా మూడు నాలుగు ఆంపియర్లు ఆగకుండా ప్రవహిస్తాయి. కాయిల్ కాగుతుంది, పాయింట్లు మాడతాయి, బ్యాటరీ దిగిపోతుంది. రిమోట్ ప్రయత్నం విఫలమైనప్పుడు పెట్టె ఇగ్నిషన్‌ను వెంటనే తెంచుతుందో లేదో అమర్చిన రోజే పరీక్షించాలి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసుకున్న కార్లకు పాయింట్లు మాడే బెడద ఉండదు. పాత డీజిల్ అంబాసిడర్ల సంగతి పూర్తిగా వేరు. వాటికి హీటర్ ప్లగ్గుల కోసం ఆగే సమయం కావాలి, కొన్ని డీజిల్ ఇంజిన్లు ఇగ్నిషన్ తెంచినంత మాత్రాన ఆగవు, మీట లాగి డీజిలు ఆపాలి.

గేరులో ఉన్న కారు, ఎదుట కాలువ

చేతి గేరు కారు మొదటి గేరులో ఉండగా సెల్ఫ్ కొడితే సెల్ఫ్ మోటారే కారును ముందుకు తోస్తుంది. ఇంజిను అందుకుంటే ఇక ఆగదు. డ్రైవరు సీట్లో ఉంటే క్లచ్ తొక్కుతాడు, లేకపోతే తొక్కేవారు లేరు. హ్యాండ్ బ్రేకు కేబుల్ సాగిపోయిన పాత కార్లలో కారు కదలకుండా గేరు వేసి దిగడం మన దగ్గర చాలామందికి అలవాటు. డ్రైవింగ్ నేర్పేవారు కూడా అలాగే చెబుతారు. మామూలు రోజుల్లో మంచిదైన ఆ అలవాటే రిమోట్ పెట్టిన రోజు నుంచి ప్రమాదమవుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మూడు డెల్టాలకూ పారే కాలువలు, వాటి పిల్ల కాలువలు ఊళ్ల మధ్యగా, ఇళ్ల ముందుగా పోతాయి. కాలువగట్టే రోడ్డయిన గ్రామాలు కోనసీమలో ఎన్నో. ఇంటి గేటు ముందు, కాలువ వైపు ముక్కు పెట్టి నిలిపిన కారుకు, నీటికి మధ్య దూరం చాలాచోట్ల రెండు మూడు బారలకు మించదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ దాటే పంటు మీద కారు నిలిపి ఉండగా జేబులోని రిమోట్ పొరపాటున నొక్కుకుంటే ఏమవుతుందో ఊహించడానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు.

దీనికి కిట్లు తయారుచేసేవారు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. కారు ఆపేటప్పుడు డ్రైవరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజిను నడుస్తుండగానే తాళంచెవి తీసుకుని దిగాలి. చివరి తలుపు మూసిన తరువాత రిమోట్‌తో ఇంజినును ఆపాలి. గేరులో ఉంటే క్లచ్ వదలగానే ఇంజిను ఆగిపోయేది కాబట్టి, మనిషి దిగినా ఇంజిను నడుస్తూ ఉందంటే న్యూట్రల్‌లో ఉన్నట్టే లెక్క. ఆ తరువాత ఎవరు ఏ తలుపు తెరిచినా పెట్టె ఆ అనుమతిని రద్దు చేసుకుంటుంది, రిమోట్ పనిచేయదు. ఆలోచన చక్కనిదే. కాని అది తలుపుల స్విచ్చుల మీద, అద్దాలు మూసి ఉండటం మీద ఆధారపడింది. అద్దం దించి ఉన్న కారులోకి చెయ్యి పెట్టి గేరు మీట లాగే పిల్లవాడిని ఏ స్విచ్చూ పట్టుకోలేదు.

తలుపు స్విచ్చు అన్నది తలుపు చట్రంలో బిగించిన చిన్న గుండీ. తలుపు మూస్తే లోపలికి నొక్కుకుంటుంది, తెరిస్తే బయటికి వచ్చి కారు బాడీకి ఆని కరెంటు వలయాన్ని పూర్తి చేస్తుంది. ముప్పై ఏళ్ల కారులో దాన్ని బయటికి తీసి చూస్తే చుట్టూ తుప్పు, లోపలి ఇత్తడి ముక్క మీద పచ్చటి చిలుం కనిపిస్తాయి. తీరప్రాంతపు ఉప్పుగాలిలో, ఉప్పునీటి రొయ్యల చెరువుల పక్కన, ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. చిలుం పట్టిన స్విచ్చు తలుపు తెరిచినా తెరవనట్టే ఉంటుంది, అంటే రక్షణ పోయినా పోయినట్టు తెలియదు. పాత కార్లు కొన్నింటిలో వెనుక తలుపులకు ఈ స్విచ్చులే ఉండవు.

అందుకే తలుపులను నమ్ముకోవడం కంటే గేరుబాక్సు దగ్గరే న్యూట్రల్‌ను గుర్తించే స్విచ్చు పెట్టడం మేలు. స్టీరింగు పక్కన గేరు మీట ఉన్న పద్మిని, అంబాసిడర్లలో అది మీట దగ్గర పెట్టకూడదు. మీటకు, గేరుబాక్సుకు మధ్య ఉన్న కడ్డీల కీళ్లు అరిగి, మీట న్యూట్రల్‌లో ఉన్నట్టు కనిపిస్తూనే లోపల గేరు పడి ఉండటం ఆ కార్లు నడిపినవారందరికీ తెలిసిన సంగతే. ఏ స్విచ్చైనా తీగ తెగితే కారు స్టార్ట్ కాకుండా ఉండే విధంగా కలపాలి. తీగ తెగినప్పుడు స్టార్ట్ అయ్యే విధంగా కలిపితే ఆ స్విచ్చు లేనట్టే.

ఎండకు ఎంత ఉపశమనం

చలి లేనప్పుడు రిమోట్ స్టార్టర్‌కు మిగిలే ఉపయోగం ఏసీ. రోహిణీ కార్తెలో ఎండలో నిలిపిన కారులోకి ఎక్కేముందు చల్లబరచుకోవాలనుకోవడంలో తప్పు లేదు. ఐడ్లింగ్‌లో కంప్రెసరు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి చల్లదనం తక్కువ. ఇంజినుతో పాటు తిరిగే ఫ్యాను ఉన్న పాత కార్లలో రేడియేటరు మీదికి, కండెన్సరు మీదికి గాలి కూడా తక్కువే. కంప్రెసరు పట్టగానే ఐడ్లింగ్ పెంచే వ్యాక్యూం ఏర్పాటు పనిచేయకపోతే ఇంజిను వణికి ఆగిపోతుంది, పనిచేస్తే నీటి వేడి పెరుగుతుంది. వేడి ముల్లును గమనించే మనిషి లోపల లేడు. నాలుగు తలుపులు తెరిచి వేడిగాలి పోనిచ్చి, బయలుదేరి మొదటి కిలోమీటరు అద్దాలు దించి నడిపితే ఇంతకంటే త్వరగా చల్లబడుతుంది.

నెలల తరబడి నిలిచే కారుకు ఈ పెట్టె వల్ల నష్టమే ఎక్కువ. రిమోట్ సంకేతం కోసం పెట్టె ఎప్పుడూ మేలుకుని ఉండాలి. అది 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్. మారుతీ 800లో వేసే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు నెలల్లో 29 పోగొట్టుకుంటుంది, బ్యాటరీ సహజంగా కోల్పోయేది దీనికి అదనం. దసరాకు ఆపిన కారు సంక్రాంతికి రిమోట్‌కు పలకదు.

నిలిచిన కారులో ఎలుకల బెడద కూడా ఉంది. వరి కోతలయ్యాక పొలం ఎలుకలు ఇళ్లవైపు మళ్లుతాయి, వాటికి బోనెట్ కింది చోటు అనుకూలం. కొబ్బరి పీచు, గుడ్డపీలికలు తెచ్చి మానిఫోల్డు పక్కన గూడు కడతాయి, తీగల పైపొర కొరుకుతాయి. చాలాకాలం నిలిచిన కారును స్టార్ట్ చేసే ముందు బోనెట్ ఎత్తి చూడటం అందుకే అవసరం. రిమోట్ మీట ఆ ఒక్క చూపును ఎగరగొడుతుంది. వేడెక్కిన మానిఫోల్డు, ఎండిన పీచు, కార్బురేటర్ నుంచి కారే పెట్రోలు చుక్క ఒకచోట చేరితే ఏమవుతుందో ఊహించవచ్చు. మిశ్రమం పలచబడిన ఇంజిను కార్బురేటర్‌లోంచి వెనక్కి పేలడం కూడా కొత్త కాదు.

పొగ, చట్టం

ఈ కార్లలో చాలావాటికి పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు లేదు. చోక్ లాగి ఉన్న ఇంజిను పొగలో కార్బన్ మోనాక్సైడ్ కొన్ని శాతాల మేర ఉంటుంది, దానికి రంగు, వాసన లేవు. పడకగది కిటికీ పక్క రేకుల షెడ్డులో, లేదా అపార్ట్‌మెంటు కింది మూసిన పార్కింగులో, ఎవరూ దగ్గర లేకుండా ఇంజిను నడవనివ్వకూడదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 126వ సెక్షను ప్రకారం బహిరంగ ప్రదేశంలో నిలిపిన వాహనంలో లైసెన్సు ఉన్న వ్యక్తి డ్రైవరు సీట్లో ఉండాలి, లేదా ఇంజినును ఆపి, బ్రేకు వేయడమో, డ్రైవరు లేనప్పుడు వాహనం దానంతటదే కదలకుండా తగిన ఇతర ఏర్పాట్లు చేయడమో జరగాలి. వీధిలో నిలిపిన కారును అరుగు మీద కూర్చుని స్టార్ట్ చేయడం ఆ నిబంధన ఉద్దేశానికి స్పష్టంగా విరుద్ధం. సొంత ఆవరణలో నిలిపిన కారుకు ఈ సెక్షను వర్తించకపోయినా, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది వైరింగ్‌లో చేసిన మార్పుల గురించే కాబట్టి ఆ మార్పును ముందే రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది.

దొంగతనం విషయంలో పాత కారుకు ఒక సౌలభ్యం, ఒక బలహీనత ఉన్నాయి. తాళంచెవిలో చిప్పు లేదు గనుక దాన్ని దాటే అదనపు పెట్టె అక్కర్లేదు, వైరింగ్ సులభం. కాని తాళాన్ని పూర్తిగా తీసేసి మీట పెట్టే కిట్లు స్టీరింగు లాక్‌ను కూడా తీసేస్తాయి. చవక రిమోట్లలో సంకేతం మారకుండా ఒకటే ఉంటుంది, దాన్ని నకలు చేయడం కష్టం కాదు. ఆ రెండూ కలిస్తే కారు దాదాపు తాళం లేనట్టే.

అయినా అమర్చదలిస్తే

అన్నింటికంటే తక్కువ ప్రమాదంతో ఎక్కువ ఉపయోగం ఇచ్చేది సగం ఏర్పాటు: రిమోట్‌తో ఇగ్నిషన్‌ను తెంచే శక్తి మాత్రం ఉంచి, స్టార్ట్ చేయడాన్ని డ్రైవరు సీట్లో కూర్చుని క్లచ్ తొక్కితేనే పనిచేసే మీటకు వదిలేయడం. దీనితో దొంగతనం నుంచి రక్షణ దొరుకుతుంది, చేతి నొప్పులున్న పెద్దవారికి తాళం తిప్పే శ్రమ తప్పుతుంది, చోక్, గేరు మాత్రం మనిషి చేతిలోనే ఉంటాయి.

పూర్తి రిమోటే కావాలంటే పని మొదలుపెట్టవలసింది పెట్టె దగ్గర కాదు. ముందుగా బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజినుకు వెళ్లే ఎర్త్ తీగలు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాలి. సెల్ఫ్ మందకొడిగా తిరిగే కారుల్లో చాలావాటికి రోగం అక్కడే. బ్రిటిష్ నమూనాల నుంచి వచ్చిన బాగా పాత కార్లు కొన్నింటిలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది, అలాంటిదానికి నేటి పెట్టె తగిలిస్తే అక్కడికక్కడే కాలిపోతుంది. తరువాత కార్బురేటర్, డెల్కో, ప్లగ్గులు సరిచేయించి, చేతితో తిప్పినప్పుడు ప్రతి ఉదయం ఒకే తీరులో అందుకునే స్థితికి ఇంజినును తీసుకురావాలి. చేతికి మొండికేసే ఇంజిను రిమోట్‌కు మాట వినదు. పెట్టెకు కరెంటు బ్యాటరీ నుంచే నేరుగా తీసి, బ్యాటరీకి జానెడు దూరంలోపు ఫ్యూజు పెట్టాలి. తాళం వెనుక తీగల పైపొర గీకి టేపు చుట్టే అలవాటుకు ఇక్కడ తావు ఇవ్వకూడదు, సెల్ఫ్ సోలినాయిడ్‌కు, ఇగ్నిషన్‌కు విడివిడిగా రిలేలు వేయాలి. బోనెట్ ఎత్తితే రిమోట్ పనిచేయకుండా ఉండే స్విచ్చు మెకానిక్కు వేళ్లను కాపాడుతుంది. మెకానిక్కుకు కారు ఇచ్చేటప్పుడు రిమోట్‌ను పూర్తిగా ఆపే రహస్య స్విచ్చు కూడా ఉండాలి.

పరీక్షను కాలువకు దూరంగా, ఎదుట ఖాళీ స్థలం ఉన్నచోట, నాలుగు చక్రాలకూ ఇటుకలు అడ్డం పెట్టి చేయాలి. మొదట డెల్కో మూత మధ్యలోంచి కాయిల్ తీగ ఊడదీసి రిమోట్ నొక్కి, పెట్టె ఎన్ని సెకన్లు సెల్ఫ్ తిప్పి ఆగుతుందో, ఆగిన వెంటనే ఇగ్నిషన్ తెగుతుందో లేదో పరీక్షా దీపంతో చూడాలి. తరువాత ఒక్కొక్క తలుపే తెరిచి మూసి, ప్రతిసారీ రిమోట్ నిరాకరిస్తుందో లేదో చూడాలి. గేరు పరీక్ష చివరన, సెల్ఫ్ సోలినాయిడ్‌కు వెళ్లే సన్న తీగ ఊడదీసి, ఆ తీగ కొసకు దీపం కలిపి చేయాలి: మొదటి గేరు వేసి, దిగి, తలుపులు మూసి రిమోట్ నొక్కితే దీపం వెలగకూడదు. రివర్స్‌లోనూ, హ్యాండ్ బ్రేకు దించి ఉన్నప్పుడూ అదే జరగాలి. వర్షాకాలం మొదట్లో ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి ఈ పరీక్షలు మళ్లీ చేయాలి. వీటిలో ఏ ఒక్కసారి దీపం వెలిగినా ఆ సన్న తీగను తిరిగి పెట్టెకు కలపకుండా తాళానికే కలిపి వదిలేయాలి.